అమావాస్య నాడు చాపిన పడుగు

1961లో పెద్దపల్లి దగ్గరి మా ఊళ్లో నేను తెల్ల ధోవతులు నేసేవాణ్ని. పడుగు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కే దారాలు, ముందుగా వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఎండబెట్టాలి. మా బట్ట కొనే చేనేత సొసైటీ వాళ్లు దీన్నే సైజింగ్ అనేవారు. ఇది ఆరుబయట జరగాల్సిందే. ఇంట్లో అంత చోటెక్కడిది?

ఆ ఏడు వీధి చివర రైస్ మిల్లు వచ్చింది. బాయిలర్‌లో ఊక మండించేవారు. తడి గంజి మీద మసి వాలితే ఇక వదలదు. కుంచె పెడితే గీతలా సాగుతుంది. సొసైటీ మా బట్టను సెకండ్స్ అని, రెండో రకమని, పక్కన పడేసేది. బట్ట మీది మసి కనబడుతుంది సరే, దగ్గే పిల్లల రొమ్ముల్లోది ఎవరికి కనబడుతుంది?

నలుగురం పోయి మిల్లు సావుకారిని అడిగాం. కూర్చోమని కూడా అనలేదు.

“తెల్లయి ఎందుకు నేస్తున్నరే? నల్లయి నెయ్యుండ్రి, మసి కనవడది.”

పక్కనున్న గుమాస్తా నవ్విన నవ్వు కూడా నేను మరిచిపోలేదు.

తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టాం. హెల్త్ ఇన్‌స్పెక్టర్ సావుకారి బండిలోనే దిగాడు, అదీ అమావాస్య నాడు. అమావాస్యకు మేం మగ్గం ముట్టం, పడుగు చాపం. వీధి ఖాళీగా ఉంది. మసి పట్టిన ధోవతి తెచ్చి చూపించాను.

“మిల్లన్నంక పొగ రాదా? ఇది మీ పొయ్యిల మసి కాదని ఏం నమ్మకం?” అన్నాడు. నష్టం కనబడలేదని రాసుకుని పోయాడు.

మళ్లీ అర్జీ పెట్టాను. ఈసారి వస్తానన్న రోజు చూస్తే అదీ అమావాస్యే. మా ఆచారాన్ని మా మీదికే తిప్పారని అప్పుడు అర్థమైంది. ఒళ్లు మండిపోయింది. వీధికి పెద్దదైన నర్సవ్వ దగ్గరికి పోయాను. ఆమె ఒప్పుకోకుంటే ఎవరూ కదలరు.

“అవ్వా, గీ ఒక్క అమాస్యకు చాపుదామే.”

“బుద్ధెరిగిన సంది అమాస్యనాడు కుంచె వట్టలేరా నేను,” అంది. దగ్గు తెర వచ్చి మాట ఆగింది. తేరుకుని, “నా పడుగే చాపుండ్రి. దేవునికి నేను జెప్పుకుంట. గా సావుకారికి నువ్వు జెప్పు,” అంది.

పడుగులు ఉండవన్న ధీమాతో ఆ రోజు మిల్లు దండిగా మండుతోంది. ఇన్‌స్పెక్టర్ సావుకారితో కలిసి దిగేసరికి నర్సవ్వ తెల్ల పడుగు వీధంతా పరుచుకుని ఉంది. మేం మాట్లాడుతుండగానే తడి దారాల మీద మసి వాలింది. ఆయన వేలితో రాస్తే నల్లగా సాగింది.

“గిది ఏ పొయ్యిది సార్?” అన్నాను.

సావుకారి మొహం మాడిపోయింది. “అరె, ఇయ్యాల మీకు సెలవు గదనే!”

“మాకు సెలవే. నీ పొగకు లేదాయె,” అంది నర్సవ్వ.

ఆర్డరు వచ్చింది. చిమ్నీ ఎత్తు పెంచారు. మా వీధిలో మసి తగ్గింది. కొన్నాళ్లకు చెరువవతలి వాడ నుంచి మనుషులు వచ్చారు. ఎత్తు మీంచి గాలికి కొట్టుకుపోయి ఇప్పుడు ఆ మసి వాళ్ల ఇళ్ల మీద పడుతోంది. “మనకేందిరా ఇగ?” అన్నారు మా వాళ్లే కొందరు. ఆ మాటా నాకు గుర్తుంది.

మా మీద నుంచి తప్పుకున్నంత మాత్రాన పొగ పోయినట్టు కాదని నాకు తెలిసింది అప్పుడే. మసిని మిల్లులోనే ఆపాలని ఆ వాడవాళ్లతో కలిసి మళ్లీ అర్జీ రాసి తీసుకుపోయాను.

“మళ్ల నువ్వేనా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మీ వీధిల మసి పడ్తలేదు గదనయ్యా!”

“పొగ మాత్రం గదే సార్,” అన్నాను.