హిస్టరీ డిపార్టుమెంటు గోడ మీద నా ఫొటో

అనకాపల్లిలో యూనివర్సిటీ వాళ్ల హిస్టరీ డిపార్టుమెంటులో నేను అటెండరుగా చేసేవాణ్ణి. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి కాబట్టి నాకు కాగితమంటే గౌరవం. మా డిపార్టుమెంటుకి ఆ గౌరవం లేదు. ఊరందరి చరిత్రా చెప్పేవాళ్లు, సొంత రికార్డులు మాత్రం వానకి తడిపి, మిగిలినవి చెదలకి పెట్టారు.

ఒకసారి పైనుంచి ఉత్తరువు వచ్చింది. ముగ్గురు పెద్దలు తనిఖీకి వస్తారట. డిపార్టుమెంటు ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో చూపించాలి. చూపించలేకపోతే ఎకనామిక్సులో కలిపేస్తారు. అప్పుడు మా హెడ్డు మేడమ్ కుర్చీ పోతుంది, నా స్టూలూ పోతుంది.

మేడమ్ ఉన్నవీ లేనివీ కలిపి ఒక ఫైలు తయారుచేసింది. ఎప్పుడో కాలం చేసిన మొదటి ప్రొఫెసరు గారి ఫొటో ఒక్కటే దొరకలేదు. ఆయన ఎలా ఉండేవాడో చెప్పే మనిషి కూడా లేడు. మేడమ్ నా తెల్ల మీసాల వంక చాలాసేపు చూసింది.

"బాబాయ్, నీకు కోటు వేస్తే ఎలా ఉంటావు?"

"ఉక్కపోతగా ఉంటానమ్మా."

వినలేదు. ఎవరిదో కోటు, ఇంకెవరిదో కళ్లజోడు తగిలించి, పాతగా కనపడాలని నలుపు తెలుపుల్లో ఫొటో తీయించింది. గోడకి కొట్టించి చేమంతి దండ వేసింది.

తనిఖీ రోజు పొద్దున్నే మా ఆవిడ క్యారేజీ తెచ్చింది. గోడ వంక చూసింది. క్యారేజీ కింద పెట్టి నా స్టూలెక్కింది.

"బతికున్నోడికి దండేటి? నా పసుపుకుంకాలు ఏటైపోవాలనుకుంతన్నారు?" అంటూ దండ పీకేసింది.

"దిగే. అది నేను కాదు, ప్రొఫెసరు గారు."

"మీసం నీది. సచ్చినోడు ఆయనైతే ఆయన మీసమే ఎట్టుకోమను."

అంతలో పెద్దలు వచ్చేశారు. మా ఆవిడ దండతో సహా వరండాలోకి తప్పుకుంది. నేను టీ పళ్లెం పట్టుకుని ఆ ఫొటో కిందే నిలబడ్డాను. టీ తెచ్చేవాడి మొహం ఎవడూ చూడడు. వాళ్లూ చూడలేదు. ముగ్గురిలో పెద్దాయన ఫొటోకి నమస్కారం పెట్టాడు.

"మీ మొదటి ప్రొఫెసరు గారా? దండ లేదు. అంటే ఉన్నారన్నమాట! ఫైలు తర్వాత చూద్దాం. ముందు ఆయన్ని పిలిపించండి, ఆయన నోటితోనే విందాం."

మేడమ్ కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను పళ్లెం బల్ల మీద పెట్టి, వరండాలోకి వెళ్లి, మా ఆవిడ చేతిలోంచి దండ లాక్కొచ్చి ఫొటోకి వేశాను.

"ఇందాకే పోయేరు బాబూ."

ముగ్గురూ చప్పున తలలు వంచి మౌనం పాటించారు. నేనూ తల వంచాను. మన సంతాపానికి మనమే దిక్కులు చూస్తే బాగోదు. అయ్యాక పెద్దాయన కళ్లు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీకు బాగా దగ్గరివారా?"

"ఒకే ఇంట్లో ఉండేవోళ్లం బాబూ."

ఇలాంటి రోజున ఫైలు తిరగెయ్యడం మర్యాద కాదనుకున్నారు. డిపార్టుమెంటును విడిగానే ఉంచవచ్చని రాసి, సంతకాలు పెట్టి, టీ కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. మేడమ్ నాకు ఆ పూటకి సెలవిచ్చింది.

ఇంటికి వెళ్తే మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా బకెట్టుతో నిలబడి ఉంది.

"అక్కడే ఆగు. తల మీంచి నీళ్లోసుకుని మరీ లోనికి రా."

"ఎవులు పోయేరే?"

"అదే నేనూ అడుగుతన్నాను. ముందు తానం సెయ్యి."