అద్దంలో తెల్లగుడ్డ

ఏసుదానం కళ్ళు పోయాయని శ్రీకాకుళంలో చాటింపు వేసింది జగదీశ్వరమ్మ. ఆవిడేమీ కంటి డాక్టరు కాదు, పిల్లలకు వీణ నేర్పి రిటైరైన టీచరు. పదకొండేళ్ళుగా ఆవిడ కారు తోలుతున్నవాడు ఏసుదానం. అలాంటి మనిషి మీద ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో ఆ తల్లికి!

ఏసుదానం బాప్టిస్టు చర్చి వెనక పేటలో పుట్టాడు. పద్దెనిమిదో ఏట పలాస జీడిపప్పు లారీకి క్లీనరుగా ఎక్కి, నాలుగేళ్ళకు స్టీరింగు పట్టాడు. అప్పట్నుంచి ముప్పయ్యారేళ్ళలో కోడిపిల్లనైనా తొక్కిన పాపాన పోలేదు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

గొడవంతా కొత్త కారుతో వచ్చింది. సీట్ల నుంచి డాష్‌బోర్డు దాకా లోపలంతా మీగడ రంగు. జగదీశ్వరమ్మే ముచ్చటపడి ఎంచుకుంది. ఎండెక్కేసరికి ఆ డాష్‌బోర్డు నీడ తెల్లగా ముందద్దంలో పడి, రోడ్డు మీద పాలు ఒలికినట్టు కనబడేది. ఏసుదానం తడి న్యూసుపేపరుతో అద్దాన్ని లోపలా బయటా రుద్ది రుద్ది చేతులు నొప్పెట్టించుకున్నాడు. ఏం లాభం? మసి అయితే కదా పోవడానికి!

"అమ్మగారూ, లోపలి తెలుపు అద్దంలో పడతన్నాది. రోడ్డు సరీగా అవుపడ్డంలేదు" అన్నాడు.

"పాత కారులో కనబడేది కదా? వయసొచ్చింది నీకు" అంది ఆవిడ.

ఒళ్ళు మండినా మింగేసి, బజారుకెళ్ళి మెరుపులేని నల్లగుడ్డ మీటరు తెచ్చి డాష్‌బోర్డు మీద పరిచాడు. రోడ్డు కడిగినట్టు కనబడింది. రెండ్రోజులే ఆ సుఖం. మూడోనాడు జగదీశ్వరమ్మ చూసి, గుడ్డను లాగి వీధిలోకి విసిరేసింది.

"కొత్త బండికి నల్లగుడ్డ కప్పుతావా? అశుభం! మీకు పట్టింపుల్లేకపోతే మాకూ లేవనుకున్నావా?"

"మరి బంపరుకి నిమ్మకాయ కట్టిన తాడు నల్లది కాదేటమ్మా?"

"దిష్టితాడు వేరు, ఇది వేరు. ఎదురు మాట్లాడకు!"

అంతటితో ఊరుకుందా? తను స్వయంగా అల్లిన తెల్లటి లేసు గుడ్డ తెచ్చి అదే చోట పరిచి, పైన ఇత్తడి కూర్మాన్ని పెట్టింది. అద్దంలో మొదట పడ్డ తెలుపుకు ఇది రెండింతలైంది. ఆ లేసు పువ్వులు ఒక్కోటీ అద్దంలో లెక్కపెట్టుకునేలా పడ్డాయి.

ఆ శనివారం ఎప్పటిలాగే శ్రీకూర్మం గుడికి బయల్దేరారు. ఎదురెండ. చెట్ల నీడలోంచి గడ్డిమోపు ఎత్తుకున్న ఆడమనిషి రోడ్డు మీదికొచ్చింది. ఏసుదానం ఆఖరి క్షణంలో చూసి, ప్రాణాలన్నీ కూడదీసుకుని బ్రేకు తొక్కాడు. ఆ మనిషికి ఏమీ కాలేదు. జగదీశ్వరమ్మ నుదురు మాత్రం ముందు సీటుకు కొట్టుకుంది. "గుడ్డివాడా!" అని అరిచింది.

అక్కడితో ఆగినా బాగుండేది. పెళ్ళిళ్ళకూ యాత్రలకూ కార్లు, డ్రైవర్లను పంపే గణపతిరావుకు ఫోన్ చేసి, "పాపం ఏసుదానానికి చూపు పోయింది. ఎవరి దగ్గరికీ పంపకండి" అని చెప్పింది. చర్చికెళ్ళే ఆదివారాలు తప్పితే, ఆవిడ పని లేని రోజుల్లో ఏసుదానం ఇల్లు నడిచేది గణపతిరావు పిలుపులతోనే. ఆ పిలుపులు ఆగిపోయాయి. ఏసుదానం కంటాసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకుని, దూరపు చూపు బాగుందని రాసిన కాగితం తెచ్చి చూపిస్తే, "ఇలాంటివి ఎవరు రాయించుకోలేరు?" అని ఆవిడ దాన్ని కనీసం విప్పలేదు. వచ్చే వారం కొత్త డ్రైవరు వస్తున్నాడని కూడా చెప్పింది.

ఇక ఏసుదానం ఊరుకోలేదు. మరుసటి శనివారం శ్రీకూర్మం దారిలో, అదే చెట్లకు కొంచెం ఇవతల, కారు పక్కకు తీసి ఆపి తాళం జేబులో వేసుకున్నాడు.

"అమ్మగారూ, దిగి నా సీట్లో కూకోండి."

"నాకు ఆజ్ఞలు వేస్తున్నావా?"

"కూకోకపోతే ఆటో ఎక్కి ఎలిపోండి. నాను కదలను."

తిట్టుకుంటూనే కూర్చుంది. ఏసుదానం ముందుకు నడిచి, చెట్ల నీడలో రోడ్డుకు అడ్డంగా నిలబడి ఫోన్ చేశాడు.

"నానెక్కడున్నానో సెప్పండి."

"నాకేం తెలుసు? నన్ను వదిలేసి పారిపోయావు!"

"ఎదరికి సూడండి."

"చూస్తూనే ఉన్నాను! ఈ గుడ్డ తప్ప ఏం కనబడుతుంది?"

ఏసుదానం ఒక చెయ్యి ఊపుతూ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. బానెట్టుకు పది అడుగుల్లోకి వచ్చాక ఆవిడ కెవ్వుమంది.

"బండి నడుస్తా ఉంటే ఈపాటికి నన్ను గుద్దీసినారమ్మా" అన్నాడు. "గణపతిరావుగారికి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

ఆవిడ ఫోన్ కలిపింది. అయినా బింకం పోలేదు. "ఏసుదానానికి చూపు నయమైందటండీ" అంది ఫోన్లో.

"అలక్కాదు!" ఏసుదానం కారు మీద చరిచాడు. "నయమవడానికి రోగమేటి? ఉన్నది ఉన్నట్టు సెప్పండి!"

ఆవిడ మళ్ళీ ఫోన్ చెవికి పెట్టుకుంది. "అతని చూపెప్పుడూ పోలేదు గణపతిరావుగారూ. నేనే అబద్ధం చెప్పాను."

గుడికి తీసుకెళ్ళాడు, తీసుకొచ్చాడు. ఇంటిముందు తాళం చేతికిస్తుంటే, "కొత్తవాణ్ణి రావద్దంటాను. సోమవారం వస్తావుగా?" అంది.

"రాను. ఈ కొలువు నాకొద్దు. వచ్చీవోడికి మాత్రం ఆ గుడ్డ తీసేసి బండివ్వండి. ఆడికీ పెళ్ళాంబిడ్డలుంటారు."