ఆఖరి పది నిమిషాలు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో యాభై నిమిషాలు. మేము ఫోనులో వినే క్రైమ్ పాడ్‌కాస్టు ఎపిసోడు గంటసేపు ఉంటుంది. ఈ చిన్న తేడా వల్ల, మేమెన్నడూ చూడని ఒక ఆడమనిషికి రెండు వారాలపాటు రోజుకొకసారి శిక్ష వేశాం.

మేమంటే నలుగురం. ఫోను బ్యాంకు గుమాస్తాది, గొంతు కూడా ఎక్కువగా ఆయనదే. ఎమ్మిగనూరు మగ్గాల మీద చీరలు కొని ఆదోనిలో అమ్మే భాయ్ ఒకరు. ఎమ్మిగనూరు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ. నాలుగోవాణ్ణి నేను, అక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. సహజ న్యాయం, ఇరుపక్షాల వాదన వగైరా నా సబ్జెక్టే. కాకపోతే ఆ పాఠం పుస్తకం చివర్లో ఉంటుంది. మా సిలబస్ అక్కడిదాకా ఎప్పుడూ పోదు.

పాడ్‌కాస్టులో నడుస్తున్న కేసు పన్నెండు భాగాలు. ఏదో ఊళ్ళో ఒక రైతు పత్తికి కొట్టే పురుగుమందు కలిసిన మజ్జిగ తాగి చనిపోయాడు. మజ్జిగ ఇచ్చింది భార్య. కేసు ఇంకా కోర్టులో ఉంది. మా బస్సులో మాత్రం మొదటి రోజు దారిలో కోటేకల్ ఊరు దాటేలోపే తేలిపోయింది.

"పోలీసులొస్తే ఒక్క చుక్క కన్నీళ్ళు రాలేదంట. ఇంకేం గావల్లప్పా?" అన్నాడు గుమాస్తా.

"డిగ్రీ పాసైన రోజు నాకు నవ్వు రాలేదు. అంతమాత్రాన ఫెయిలైనట్టా?" అన్నాను.

"మీరు పాసైనారంటే మాకు ఇప్పటికీ డౌటే సార్," అన్నాడు భాయ్.

నర్సమ్మ మాకంటే పద్ధతిగా ఆలోచించేది. "ఆ మందు వాసన మీకు తెల్దన్నా. వార్డులో ఒక మూల పెడితే ఇంకో మూలకొస్తాది. మజ్జిగలో కలిపితే నోటికాడికి రాకముందే తెలుస్తాది. తెలిసి ఎట్ల తాగినాడు?"

"జలుబు సేసింటాది," అన్నాడు గుమాస్తా. ఆయన దగ్గర ప్రతి ప్రశ్నకూ ఒక జబ్బు సిద్ధంగా ఉండేది.

ఎమ్మిగనూరు బస్టాండు మలుపులో రోజూ, ఆ భార్యే దోషి అనేవాళ్ళు చేతులెత్తే ఓటింగు జరిగేది. మూడు చేతులు లేచేవి. నర్సమ్మ ఒక్కతే చెయ్యి ఎత్తేది కాదు. నేను ఎత్తేవాణ్ణి. గుమాస్తాను ఆటపట్టించడానికి దారంతా ఆ భార్య వైపు వాదించి, చివరికి ఆయనతోపాటే చెయ్యెత్తడం నాకు అలవాటైంది. "తీర్పులు దిగినాక ఇయ్యండి సార్, ఎనక మనుషులుండారు," అని కండక్టరు తొందరపెట్టేవాడు. ఫోను ఆగిపోయేది. మరుసటి ఉదయం గుమాస్తా కొత్త భాగం పెట్టేవాడు. పాతదాంట్లో పది నిమిషాలు మిగిలి ఉన్నాయి కదా అంటే, "ఆడ ఏముంటాది? అంతా థ్యాంక్సులు సెప్పేదే," అనేవాడు. అది నిజమే అనిపించేది. ఎవరమూ ఇంటికి వెళ్ళి వినలేదు. మధ్యాహ్నం భోజనం వేళ నేను చెవుల్లో వైర్లు పెట్టుకుని, విన్న ముక్కే మళ్ళీ వినేవాణ్ణి. మర్నాటి వాదనకు పాయింట్లు కావాలి మరి.

రెండో వారంలో మా కాలేజీలోనే ఒక కేసు పుట్టింది. పిల్లల దగ్గర పట్టుకున్న ఫోన్లు స్టాఫ్‌రూమ్ బీరువాలో పెడతాం. అందులో ఒక ఫోను పోయింది. తండ్రి వచ్చి ప్రిన్సిపాల్ గదిలో గట్టిగా మాట్లాడాడు. సాయంత్రానికల్లా అందరి వేళ్ళూ మా ఆయమ్మ వైపు తిరిగాయి. ఆమె గదులు ఊడుస్తుంది, గంట కొడుతుంది, పదకొండేళ్ళుగా ఉంది. తేల్చమని ముగ్గురితో కమిటీ వేశారు. ఫిజిక్స్ సారు, ఆఫీసు సూపరింటెండెంటు, నేను.

"నువ్వు ఆ క్రైమ్ కథలన్నీ ఇంటావు కదప్పా, నీకు అనుభవం ఉంటాది," అన్నాడు ప్రిన్సిపాల్. నా అర్హతను ఆయన ఇంత స్పష్టంగా గుర్తించడం అదే మొదటిసారి.

శుక్రవారం నాలుగింటికి కూర్చున్నాం. ఆయమ్మ తలుపు పక్కన నిలబడింది. మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె బీరువా తెరుస్తుండగా చూశానని లెక్కల మేడమ్ చెప్పింది. తాళంచెవి క్యాలెండరు వెనక మేకుకు ఉంటుందని, ఆ సంగతి ఆయమ్మకు తెలుసని సూపరింటెండెంటు చెప్పాడు. అది మాకందరికీ తెలుసు. ఆ మాట ఎవరమూ అనలేదు. ఆమె ముఖంలో కంగారు లేదని ఫిజిక్స్ సారు నా చెవిలో గొణిగాడు. నేను తెలిసినవాడిలా తల ఊపాను.

ఐదు కావస్తోంది. ఐదుంబావుకు ఆదోని బస్సు. సూపరింటెండెంటు ఫైలు మూశాడు. సోమవారం నుంచి రావద్దని చెప్పేస్తే సరిపోతుందన్నాడు. నేను సంచి భుజానికి వేసుకున్నాను.

"నన్ను ఒక్క మాట అడక్కుండానే పోతాండారా సార్?"

"బీరువా నువ్వే తీసినావని మేడమ్ సెప్తాంది కదమ్మా. ఇంకేముంది?" అన్నాడు ఫిజిక్స్ సారు.

"తీసినా. తీల్యాదని నేనంటినా?" ఆమె చూపు నా మీద ఆగింది. "సెవుల్లో పెట్టుకునే వైరు తెమ్మని ఈ సారే పంపిచ్చినాడు. తెచ్చి సేతికిచ్చినా. ఆ మాట ఈ సార్ సెప్తాడేమోనని ఇంతసేపూ సూస్తాండా."

నిజంగానే మర్చిపోయాను. నా సొరుగుకు తాళం లేదని వైరు బీరువాలో పెట్టడం, అన్నం చేత్తో ఉండి ఆమెను పంపడం, ఆమె తెచ్చి నా ఎడమచేతికి ఇవ్వడం, అన్నీ ఆ క్షణంలో వరసగా గుర్తొచ్చాయి. మర్చిపోయానన్నది ఇప్పుడు రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పాడ్‌కాస్టులో ఎవరైనా ఈ మాట అని ఉంటే కోటేకల్‌లోనే చెయ్యెత్తేవాళ్ళం.

ఆ క్షణంలో నాకు మొదట తట్టింది బస్సు. రెండోది, గుర్తులేదని అంటే ఎవరూ ఏమీ చేయలేరన్నది. ఈ రెండూ దాటడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. సంచి మళ్ళీ కిందపెట్టి, "అవును, పంపింది నేనే," అన్నాను.

"ముందే సెప్పొచ్చు కదా సార్," అన్నాడు సూపరింటెండెంటు. ఫైలు మళ్ళీ తెరిచాడు.

దాంతో ఆమె ఫోను తీయలేదని రుజువు కాలేదు. తీసిందనడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం మాత్రం నా వైరుకు చుట్టుకుంది. తాళంచెవి అందరికీ అందేచోట ఉంది, ఎవరినీ అనలేం అని రాసి ముగ్గురం సంతకాలు చేశాం. ఆమె పనిలోనే ఉంది. ఫోను దొరకలేదు. "జడ్జీగా ఏస్తే సాచ్చిగా తేలినావే," అని ప్రిన్సిపాల్ నన్ను తర్వాత ఏ కమిటీలోనూ వేయలేదు.

ఆ రోజు బస్సు పోయింది. తర్వాతి బస్సుకు వెళ్ళేముందు, మొదట్లోనే ఎందుకు చెప్పలేదని ఆమెను అడిగాను.

"నేనంటే మీ మీదికి తోసినట్టుంటాది సార్. మీకై మీరంటే మాట."

సోమవారం బస్సులో గుమాస్తా పన్నెండో భాగం పెట్టబోతుంటే వద్దన్నాను. పాతవాటి ఆఖరి పది నిమిషాలు వినిపించమన్నాను.

"థ్యాంక్సులు ఇంటారా సార్?"

"వింటాను. మర్యాద నేర్చుకోవాలి."

మూడో భాగం చివర్లో ఆ భార్య తమ్ముడు మాట్లాడాడు. అదే మజ్జిగ ఆమె కూడా తాగిందట, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉందట. పోలీసులొచ్చినప్పుడు ఆమెకు సరిగ్గా తెలివే లేదట.

"ఏడుపు రాలేదని ఉరేసినాం కదప్పా," అన్నాడు చీరల భాయ్.

"తక్కువ తాగింటాది, అనుమానం రాకుండా," అన్నాడు గుమాస్తా, కానీ గొంతు తగ్గింది.

"నాలుగు రోజులు వార్డులో పడుండేదానికి ఎంత తాగల్లో నన్నడుగన్నా," అంది నర్సమ్మ.

మలుపులో ఓటింగు జరిగింది. గుమాస్తా ఒక్కడే చెయ్యెత్తాడు. నేను తెలియదన్నాను. సివిక్స్ సారయ్యుండి తెలియదంటే ఎట్లని ముగ్గురూ నా మీద పడ్డారు. కండక్టరు దింపేశాడు కాబట్టి బతికాను.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, అలవాటుగా, బీరువాలోని వైరు తెచ్చిపెట్టమని ఆయమ్మను అడిగాను. ఆమె చీపురు గోడకు ఆనించింది.

"సీటీ రాసియ్యండి సార్."

చెయ్యి కడుక్కుని వచ్చి రాశాను, సంతకం పెట్టాను. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నా ముందే పెట్టింది.

"తారీకు ఎయ్యల్యా."

వేశాను.