నర్సరీ సంచికి ఎర్ర ట్యాగు

పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఆ లిఫ్టు మెకానిక్ వేరేవాళ్ళు తగిలించిన ఎర్ర ట్యాగుని ఒక్కసారి కూడా విప్పలేదు. మొట్టమొదటిసారి విప్పింది ఒక బుధవారం ఉదయం ఎనిమిదింపావుకి, సొంత ఇంట్లో, సొంత కూతురి నర్సరీ సంచి మీంచి.

ఆ ట్యాగు అరచేతి వెడల్పుండే ప్లాస్టిక్ ముక్క. దాని మీద తెల్లక్షరాలతో "పాడైంది. వాడవద్దు" అని ఉంటుంది, కింద తగిలించినవాళ్ళ పేరు రాయడానికి కాస్త ఖాళీ. లిఫ్టు కింది గుంటలోకి దిగే ముందు మెయిన్ స్విచ్చి కట్టేసి, దానికి ఈ ట్యాగు తగిలిస్తారు. ఎవరు తగిలిస్తే వాళ్ళే విప్పాలి. కంపెనీ యజమాని వచ్చి నిలబడ్డా సరే, ముట్టుకోకూడదు. ఎందుకూ అంటే, లోపల మనిషి ఉండొచ్చు.

ఈ నియమం గురించి అతను క్లాసు పీకని మనిషి లేడు. పెళ్ళైన కొత్తలో భార్యని సినిమాకి తీసుకెళ్ళి, ఇంటర్వెల్ అంతా ఇదే చెప్పాడు. ఆవిడ సిటీ బస్సు కండక్టరు. ఎవరు ఏం చెప్పినా వినడం, గుర్తుపెట్టుకోవడం ఆవిడకి ఉద్యోగంలో భాగం. శ్రద్ధగా విన్నది. అదే ఇప్పుడు కొంప ముంచింది.

ఆవిడది తెల్లవారుజాము డ్యూటీ. ఐదింటికల్లా గడప దాటాలి. ముందురోజు సాయంత్రం బుడంకాయకి నూట ఒకటి పాయింట్ నాలుగు జ్వరం. బుడంకాయ అంటే వాళ్ళ కూతురు. మూడేళ్ళు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది కానీ పెత్తనానికి మాత్రం ముప్ఫై నిండాయి. ఆవిడ బయల్దేరే వేళకి వంద పాయింట్ ఆరు. తల్లి జ్వరం మందు పట్టించి, మొగుడి పనిముట్ల పెట్టెలోంచి ఒక ఎర్ర ట్యాగు తీసి, పేరు రాసేచోట "కండక్టరు" అని రాసి, పిల్ల కొత్త రిబ్బనుతో నర్సరీ సంచికి పువ్వుముడి వేసి కట్టింది.

"ఏమండోయ్, ఇవాళ నర్సరీ లేదు. వంద పాయింట్ ఆరుంది, ఇప్పుడే మందు పట్టించాను. నేనొచ్చేది రెండింటికి. అప్పటిదాకా మీరే."

"ఊ" అన్నాడతను నిద్రలో.

ఆ 'ఊ'కి అర్థమేమిటో ఏడింటికి పళ్ళు తోముకుంటుంటే తెలిసొచ్చింది.

ఆ రోజు పదింటికి తనిఖీ ఉంది. నాలుగంతస్తుల పాత భవనంలో లిఫ్టుకి ఉక్కు తాళ్ళు మార్చాడు. మూడు వారాలుగా అది ఆగే ఉంది. తనిఖీ అధికారి వచ్చి, చూసి, సరేనంటే తిరుగుతుంది. ఇవాళ తప్పితే మళ్ళీ ఆయన వచ్చేది నెలకి. నాలుగో అంతస్తులో రిటైరైన డ్రాయింగు టీచరమ్మ ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయాయి. మూడు వారాలుగా కిందికి దిగలేదు. అతను పనిచేస్తుంటే రోజూ మెట్ల మీంచి తల వంచి పలకరించేది.

"నాయనా, బుధవారం దిగుతాను కదూ?"

"మీరు దిగకపోతే నా పేరు మార్చుకుంటానమ్మా" అని సోమవారమే మాటిచ్చేశాడు.

పోనీ ఇంకెవరినైనా పంపొచ్చుగా అంటే, ఉన్నాడు, తోడల్లుడు. అదే కంపెనీలో అదే పని. చిక్కల్లా పోయిన నెలలో జరిగిన ముచ్చట. తోడల్లుడు కొడుక్కి జ్వరమని సెలవడిగితే, మనవాడు వర్క్‌షాపులో టీ తాగుతున్న పదిమంది ముందూ, "నీ కొడుక్కి జ్వరమొస్తే లిఫ్టుక్కూడా వచ్చిందేంటి తమ్ముడూ? నర్సరీలో పడెయ్, ఆడుకుంటుంటే అదే తగ్గుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. తోడల్లుడు నవ్వలేదు. ఇప్పుడు వాడికి ఏ మొహం పెట్టుకుని ఫోన్ చేస్తాడు?

అందుకని థర్మామీటరు పట్టుకున్నాడు. ఎనిమిదింటికి కుడి చంకలో పెడితే తొంభై తొమ్మిది పాయింట్ రెండు. ఎడమ చంకలో పెడితే తొంభై ఎనిమిది పాయింట్ తొమ్మిది. ఎడమ చంకని నమ్మాడు.

"ఏమే, ఒంట్లో ఎలా ఉంది?"

"రొట్టె" అంది బుడంకాయ.

రొట్టె అడిగిందంటే జ్వరం లేనట్టేగా! ఆ ఇచ్చిన రొట్టెని సగం కొరికి సోఫా సందులోకి తోసేసిందని అతను చూడలేదు. చూడలేదంటే, అటు తిరగలేదు. రిబ్బను ఒక్క లాగు లాగితే పువ్వుముడి ఊడిపోయింది. ట్యాగునీ రిబ్బన్నీ చొక్కా జేబులో కుక్కుకుని, పిల్లని ఎత్తుకుని, సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరాడు. దారిలో పిల్ల చెంప అతని మెడకి వెచ్చగా తగిలింది. ఎండ అనుకున్నాడు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

నర్సరీ గేటు దగ్గర వరస. టీచరు ఒక్కొక్క పిల్ల నుదుటి దగ్గరా తుపాకీలాంటి థర్మామీటరు పెట్టి చూస్తోంది.

"తొంభై తొమ్మిది. పర్లేదు" అని రిజిస్టరు అతని చేతికిచ్చింది. "ఇక్కడ రాసి సంతకం పెట్టండి."

గత ఇరవై నాలుగు గంటల్లో జ్వరం మందు ఇచ్చారా? అవును, కాదు. పక్కన సంతకం. పెన్ను దారంతో కట్టి ఉంది. 'పరీక్షించాను, సురక్షితం' అని ఎన్ని వందల కాగితాల మీద సంతకం పెట్టిన చెయ్యి అది! ఇప్పుడు కదలనంటోంది.

అంతలో చంకలో ఉన్న బుడంకాయ ఊరుకుంటుందా? జేబులో చెయ్యి పెట్టి, రిబ్బనుతో సహా ట్యాగు బయటికి లాగి, టీచరు మొహం ముందు ఆడించింది.

"పాడైంది, వాడవద్దు" అని టీచరు పైకి చదివింది. "ఎవరండీ పాడైంది? పాపా, మీరా?"

"అమ్మ కట్టింది" అంది బుడంకాయ, గేటంతా వినబడేట్టు. "నాన్న పీకేశాడు!"

వెనక కవలపిల్లల తల్లి ఫక్కున నవ్వింది. ఆవిడ వెనకున్న తాతగారు విషయం తెలియకుండానే నవ్వాడు. టీచరూ నవ్వింది. "సరే సరే, సంతకం పెట్టండి, వరస ఆగిపోయింది."

ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్క టిక్కు పెడితే చాలు, తొమ్మిదిన్నరకల్లా భవనం దగ్గరుంటాడు. ట్యాగు తీసుకుని జేబులో పెట్టుకోబోతూ తలెత్తాడు. టీచరు వెనక అద్దం తలుపు. అవతల చాప మీద ఏడాదైనా నిండని చంటిదొకటి చెక్క దిమ్మెని చీకి చీకి, పక్కవాడికిచ్చింది. వాడూ నోట్లో పెట్టుకున్నాడు. మూడోది వాడి చేతిలోంచి లాక్కుంటోంది.

లోపల మనుషులున్నారు.

పెన్ను తీసుకుని "ఇచ్చాం. ఇవాళ ఉదయం ఐదింటికి" అని రాశాడు. తనిఖీ కాగితం మీద రాసినట్టే, కొట్టివేత లేకుండా, సంతకంతో సహా.

టీచరు చదివింది. నవ్వు ఆగింది. "అప్పుడెంతుంది?"

"వంద పాయింట్ ఆరు. నిన్న సాయంత్రం నూట ఒకటి దాటింది."

"తెలిసే తీసుకొచ్చారా?"

"తెలిసే తెచ్చానండి. తీసుకెళ్ళిపోతున్నాను."

"మందు లేకుండా ఒక రోజంతా జ్వరం రాకుండా ఉంటేనే..."

"తెలుసండి. మీరిచ్చిన నియమాల కాగితం మా ఫ్రిజ్ మీదే అంటించి ఉంది."

వరసలో అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. జ్వరానికి జరిగారో, అతనికి జరిగారో! చెవులు కాలిపోతుండగా గేటు దాటి, పది అడుగులు వేశాక ఆగి, తోడల్లుడికి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, పదింటి తనిఖీకి నువ్వెళ్ళాలి. నేను రావట్లేదు."

"ఏమైందన్నయ్యా?"

"అమ్మాయికి జ్వరం."

అటువైపు టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత తోడల్లుడి గొంతు తేనెలా వచ్చింది. "లిఫ్టుక్కూడా వచ్చిందాండీ?"

"అనరా అను. నీ వంతు."

"ఆగండాగండి, స్పీకర్లో పెడతాను. ఇక్కడ అందరూ టీ తాగుతున్నారు. ఆ, ఇప్పుడు చెప్పండి."

నడివీధిలో పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుని, గొంతు సవరించుకుని చెప్పాడు. "నా కూతురికి జ్వరం. ఇంట్లోనే ఉంటాను. ఆ రోజు నేనన్న మాట తప్పు. ఇంకెవరి పిల్లలకి ఒంట్లో బాగాలేకపోయినా, వాళ్ళ పని నేను చూస్తాను. చాలా?"

"చాలన్నయ్యా" అన్నాడు తోడల్లుడు. గొంతులో తేనె పోయి మామూలు మనిషి మాట్లాడాడు. "పాపకి నీళ్ళు బాగా పట్టించండి. నేను బయల్దేరుతున్నా. కానీ అక్కడ మెయిన్ స్విచ్చికి మీ ట్యాగుంది కదా?"

ఆ సంగతే మరిచిపోయాడు. తగిలించినవాడే విప్పాలి!

దానికీ ఒక పద్ధతి ఉంది, కాకపోతే పదిహేడేళ్ళలో అతనికి అవసరం పడలేదు. తగిలించినవాడు రాలేకపోతే, ఇద్దరు మనుషులు అంతా వెతికి, అతనికి ఫోన్ చేసి, అతని నోటివెంట వినాలి. పదింటికి ఫోన్ వచ్చింది. ఒళ్ళో బుడంకాయ మూలుగుతోంది. మందు బలం తీరిపోయినట్టుంది, ఇప్పుడు రెండు చంకలూ ఒకే మాట చెబుతున్నాయి, వంద పాయింట్ తొమ్మిది.

"గుంటలో చూశావా?"

"చూశానన్నయ్యా."

"లైటు వేసి చూశావా?"

"లైటు వేసి, అధికారిగారూ నేనూ ఇద్దరం చూశాం."

"పైన మెషిన్ రూములో? లిఫ్టు కప్పు మీద? నా పదమూడో నంబరు స్పానరు కప్పు మీదుండాలి, తీశావా?"

"తీశాను."

"ఇంకొక్కసారి గుంటలో..."

"ఏవండీ" అని అధికారి గొంతు అడ్డొచ్చింది, "మీరొస్తే ఇంతకంటే తొందరగా అయ్యేదేమో!"

"అవునండి. కానీ నేను రాను" అన్నాడతను. "ఇంకొక్కసారి గుంటలో చూసి చెప్పమనండి."

చూశారు. అప్పుడు నిదానంగా అన్నాడు. "అక్కడ ఎవరూ లేరు. ట్యాగు నాది. నేను చెబుతున్నాను, విప్పండి."

పదకొండున్నరకి ఇంకో ఫోన్. వెనక వీధి రొద, బస్సు హారను.

"నాయనా, దిగాను. గేటు ముందున్నాను. నువ్వెక్కడ?"

"ఇంట్లోనమ్మా. పాపకి జ్వరం."

"అయితే అక్కడే ఉండు. పేరు మాత్రం మార్చుకోకు" అని నవ్వి, డ్రాయింగు టీచరమ్మ ఫోన్ పెట్టేసింది.

రెండింటికి కండక్టరు వచ్చింది. చేతులు కడుక్కుని, నిద్రపోతున్న పిల్ల నుదురు తాకి చూసి, మేకుకి వేలాడుతున్న సంచి వైపు తిరిగింది. ట్యాగు ఉంది. రిబ్బనూ ఉంది. ముడి మాత్రం పువ్వుముడి కాదు, బరువులెత్తే తాళ్ళకి వేసే జంటముడి.

"ఇది నేను వేసిన ముడేనంటారా?"

నీళ్ళు నమలడానికి నోరు తెరిచి, మానేశాడు. "కాదు. విప్పాను. గేటు దాకా తీసుకెళ్ళాను. మళ్ళీ తెచ్చేశాను."

ఆవిడ సోఫా సందులోంచి కొరికిన రొట్టె ముక్క తీసి అతనికి చూపించింది. అతను దాన్ని తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాడు.

"రేపటికి నేను సెలవు పెట్టాను" అంది. "ఎల్లుండి నాకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్న చూద్దాం."

గురువారం తెల్లారేసరికి జ్వరం దిగింది, మందు మళ్ళీ పట్టించే పని పడలేదు. శుక్రవారం ఎనిమిదింటికి రెండు చంకల్లోనూ తొంభై ఎనిమిది. బుడంకాయ రొట్టె మొత్తం తిని ఇంకోటి అడిగింది. అతను సంచి దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"విప్పు" అన్నాడు భార్యతో.

ఆవిడ గోళ్ళతో లాగింది, పళ్ళతో లాగింది. జంటముడి ఊడితేనా! "మీరే విప్పండి, మీరు వేసిందేగా."

"ట్యాగు నీది."

"అబ్బా, పిల్లకి ఆలస్యమవుతోంది!"

"అయితే కానీ. ఇంకోసారి ముట్టుకోను."

ఆవిడ కత్తెర తెచ్చి రిబ్బను కత్తిరించింది. కొత్త రిబ్బను రెండు ముక్కలైందని బుడంకాయ నర్సరీ గేటు దాకా ఏడుస్తూనే వెళ్ళింది.