విప్పని కట్టు

ఈ ఉదయం వరకు నా ప్రాణాన్ని కాచిన దేవునికి స్తోత్రం. ఆయన ఎదుట అబద్ధమాడకూడదని సండే స్కూల్ నుంచి నేర్చుకున్నదాన్ని. అందుకే ముందే చెబుతున్నాను... ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు.

మాది నెల్లికుదురు దగ్గర పల్లె. భూపాలపల్లిలో ఓ దవాఖానలో, ఎమర్జెన్సీలో నర్సుగా చేరి అప్పటికి పంతొమ్మిది రోజులు. ఆ రాత్రి రెండు దాటాక కాటారం వైపు నుంచి లచ్చవ్వ అనే ముసలామెను ఆటోలో తెచ్చారు. గుండెనొప్పి. వెంట కొడుకు ఒక్కడే. డాక్టర్ గారు చాలాసేపు ఛాతీ నొక్కారు. ఈసీజీ కాగితం మీద ఎత్తుపల్లాలు లేని గీత వచ్చింది. "అయిపోయింది" అన్నారు. ఆయనను ఇంకో వార్డుకు పిలిచారు. కొడుకు బండి మాట్లాడటానికి బయటికి వెళ్లాడు.

శరీరం బిగుసుకోకముందే నోరు మూసి, గడ్డం కింది నుంచి నడినెత్తికి గుడ్డ కట్టాలి. కొత్తవాళ్లకే ఆ పని.

"గట్టిగ కట్టు. నోరు తెరుచుకుంటె వాళ్లోళ్లు మనల్నే తిడ్తరు" అని చెప్పి, మా సీనియర్ సుజాతక్క టీకి వెళ్లింది.

గట్టిగానే కట్టాను. రెండు ముళ్లు. చేతులు పక్కలకు చాపి, దుప్పటి కప్పి, తెర లాగి, రిజిస్టర్ ముందు కూర్చున్నాను.

ఫ్యాన్ తిరుగుతోంది... కిర్రు... కిర్రు...

అప్పుడు తెర వెనుక నుంచి... పళ్లు బిగపట్టి పలికినట్టు...

"బిడ్డా... కట్టు... జర వదులు..."

పెన్ను ఆగింది. ఆ పూట అక్కడ వేరే పేషెంట్లు లేరు.

తర్వాత మాట లేదు. గుడ్డ మీద గోరు గీరుతున్న చప్పుడు. కాసేపు ఆగి... మళ్లీ...

తెర నాకు నాలుగడుగుల దూరం. నేను అటు వెళ్లలేదు. దురాత్మ అనుకున్నాను. కుర్చీ పక్కనే మోకరించి, కళ్లు మూసుకుని, యేసు నామంలో పొమ్మని గద్దించాను. సంఘంలో నేర్పినట్టే... గట్టిగా, ఆపకుండా. కళ్లు తెరిచి గడియారం చూస్తే పది నిమిషాలు గడిచాయి. చప్పుడు ఆగిపోయింది. జయమిచ్చాడని స్తోత్రం కూడా చెప్పాను.

సుజాతక్క వచ్చి తెర తీసింది.

లచ్చవ్వ కుడి చెయ్యి దుప్పటి బయట ఉంది... గడ్డం కింద. రెండు వేళ్లు కట్టు లోపలికి దూరి ఉన్నాయి.

"చెయ్యి గిట్ల పెడ్తరా ఎవరన్న?"

"సక్కగనే పెట్టిన అక్కా. ఆమె మాట్లాడింది."

"ఏమన్నది? నైట్ డ్యూటీ మంచిగున్నదా అని అడిగిందా?"

నవ్వుతూనే నాడి కోసం ఆమె మెడ మీద వేళ్లు పెట్టింది. కట్టు లోపలికి దూరిన వేళ్లను దగ్గరగా చూశాక ఆ నవ్వు పోయింది. మళ్లీ ఈసీజీ తీసింది. అదే గీత.

"గిది ఎవ్వలకు చెప్పకు. నీ నౌకరి పోతది, నాది పోతది" అంది మెల్లగా.

కొడుకు తిరిగొచ్చాడు. "సిస్టర్, పోయేముందు మా అవ్వ ఏమన్న అన్నదా?"

"లేదన్నా" అన్నాను.

ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పాను. సాతాను మీద గెలిచావన్నారు పాస్టర్ గారు. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చింది దురాత్మే అయితే, గెలిచాను. కాకపోతే... ఒక తల్లి ఊపిరి కోసం బతిమాలుతుంటే నేను నాలుగడుగుల దూరంలో కళ్లు మూసుకుని ఉన్నాను.

ఏది నిజమో నాకింకా తెలియదు.

నా కోసం ప్రార్థించండి. భయం పోవాలని కాదు. ఇంకెవరైనా అలా పిలిచిన రోజు, నా మోకాళ్లు వంగకముందే నా చేతులు వాళ్లను చేరాలని... ఆ ఒక్కటే నాతో కలిసి అడగండి. ఆమేన్.