లొరీతా పిండర్ తెల్ల పాము

ఒక ఆదివారం మా చర్చిలో రెండో కీర్తన మూడో చరణంలో ఉండగా, ఆర్గన్ వెనకనుంచి జానెడు పాము ఒకటి వచ్చి, కానుకల పళ్ళెంలోకెక్కి చుట్ట చుట్టుకుని పడుకుంది. పాస్టరుగారు పాట ఆపలేదు. ఆయన శ్రుతి మాత్రం రెండు మెట్లు పైకి వెళ్ళింది. ముందు వరసలోంచి లొరీతా పిండర్ లేచి, పామును చేతిరుమాల్లో వేసుకుని, పాటలో ఒక్క మాటా వదలకుండా మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంది.

లొరీతా ముప్ఫయ్యేళ్ళు మా ఊరి బడిలో వంట చేసింది. కలూసహాచీ నది ఒడ్డున ఆమె చేతి రొట్టె తినకుండా పెరిగినవాళ్ళెవరూ లేరు, నేనూ అది తిని పెరిగినవాణ్ణే. రిటైరయ్యాక వెనక గదిలో మొక్కజొన్న పాములు పెంచడం మొదలుపెట్టింది. విషం లేనివి. నారింజ తోటల్లో ఎలుకల కోసం తిరిగేవే. మామూలుగా నారింజ ఒంటి మీద, నల్ల అంచున్న ఎర్ర మచ్చలతో ఉంటాయి. నలుపు లేకుండా పుట్టినవి నిప్పురవ్వల్లా ఎర్రగా, ఎరుపు లేకుండా పుట్టినవి బూడిద రంగులో ఉంటాయి. రెండూ లేకపోతే తెల్లనిది.

ఆ తెల్లనిదాని కోసమే మా పక్కవీధి ఆంబ్రోస్ రాలర్సన్ ఎదురుచూస్తున్నాడు. ఆయనకు డెబ్బై తొమ్మిదేళ్ళు, చూపు మందగిస్తోంది. లొరీతా ఇచ్చిన నారింజరంగు పాము ఆయన ఇంట్లో పదేళ్ళుగా ఉంది కానీ, ఎండుటాకుల్లో అది ఎక్కడుందో ఈమధ్య కనబడటం లేదు. "తెల్లదైతే ఇంకొన్నాళ్ళు చూసుకుంటా," అన్నాడు. పాముల సంతలో తెల్లవి కుప్పలుగా దొరుకుతాయని నేనంటే, "వాటి అమ్మానాన్నలెవరో నాకేం తెలుసు? లొరీతా ఇంటిదైతేనే," అని కొట్టిపారేశాడు. లొరీతా మాటిచ్చింది.

మాటివ్వడం తేలికే. నలుపు పోగొట్టే గుణం, ఎరుపు పోగొట్టే గుణం, రెండూ తల్లినుంచీ తండ్రినుంచీ కూడా వస్తేనే తెల్లది పుడుతుంది. ఒక్కవైపునుంచే వస్తే లోపలే దాక్కుంటాయి, పైకి పాము మామూలుగానే కనిపిస్తుంది. లొరీతా ఎర్రదాన్నీ బూడిదదాన్నీ జతచేసి, వాటి పిల్లల్లో అన్నాచెల్లెళ్ళయిన డీకన్‌నీ బిస్కట్‌నీ మూడేళ్ళు పెంచింది. రెండూ పైకి మామూలువే, లోపల రెండేసి రహస్యాలు.

"అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంటమ్మా?" అంది పాస్టరుగారి భార్య.

"వాటికి చుట్టరికాలు తెలీవు, మనమే పనిగట్టుకుని చెప్పకుండా ఉంటే చాలు," అంది లొరీతా.

అప్పుడే ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. వంగి పాములుండే డబ్బాలు తీయలేదు కనుక, ఆ చలికాలం పాముల బాధ్యత నా మీద పడింది. మార్చిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పురమాయించింది: "డీకన్‌ని తీసి బిస్కట్ దగ్గర పెట్టు, అబ్బాయ్." నాకు యాభై రెండేళ్ళు. డీకన్ అని రాసున్న డబ్బా తెరిచి, పెట్టాను.

జూలైలో పద్నాలుగు గుడ్లు విచ్చుకున్నాయి. పది మామూలువి, నాలుగు బూడిదవి. లొరీతా వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూసింది.

"ఎర్రది ఒక్కటి కూడా లేదు, వెండెల్."

"అదృష్టం బాగాలేదేమోనండీ, లొరీతాగారూ."

"పద్నాలుగుసార్లూ వరసగా బాగాలేకపోవడానికి అదృష్టానికి అంత ఓపికుండదు. డీకన్‌ని ఎందులోంచి తీశావు?"

"డీకన్ అని రాసున్న డబ్బాలోంచే."

"పేరు డబ్బా మీద లేదు నాయనా, మూత మీదుంది. ఆ మూతల్నేమన్నా చేశావా?"

చేశాను. ఆమె ఆసుపత్రిలో ఉన్న వారంలో, మెప్పు పొందాలని, మూతలన్నీ కడిగి పెరట్లో వరసగా ఎండబెట్టి, గుర్తున్నట్టే మళ్ళీ పెట్టాను. డీకన్ పక్క డబ్బాలో ఉండేది మేయర్. ఆమె తమ్ముడు పశువుల కొట్టంలో పట్టి తెచ్చిన మగపాము. రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. లొరీతా డీకన్ మూత ఉన్న డబ్బాలోని పామును ఎత్తి తోక చూసింది. మేయర్ తోక చివర కొరికేసిన గోరులా మొండిగా ఉంటుంది. ఇదీ అలాగే ఉంది.

ఆమె తిట్టలేదు. నాలుగు బూడిద పిల్లల్ని అరచేతిలో వేసుకుని, ఉన్నట్టుండి నవ్వింది.

"బిస్కట్ ఒక్కదానివల్ల బూడిదవి పుట్టవు. అంటే ఆ గుణం మేయర్‌లోనూ ఉందన్నమాట. పదకొండేళ్ళు మా ఇంట్లో ఉండి ఒక్కమాట చెప్పలేదు చూడు, దొంగ! నీ శుభ్రతవల్ల బయటపడింది."

"మరి ఆంబ్రోస్‌గారికి?"

"ఆ సంగతి నువ్వే వెళ్ళి చెప్పు."

అదే శిక్ష. వెళ్ళి చెప్పాను. ఆంబ్రోస్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇంకో ఏడాదా? అంతవరకూ ఆగుతామని నా కళ్ళు నీకేమన్నా కబురు పెట్టాయా?" అన్నాడు. తర్వాత నాకు తియ్యటి టీ ఇచ్చాడు. అది తాగుతుంటే తిట్టు తిన్నట్టే ఉంది.

మరుసటి వసంతానికి లొరీతా కొత్త మోకాలితో తనే వంగింది. పేర్లు డబ్బాల మీదా మూతల మీదా రాసింది. తోక చూసి మరీ డీకన్‌ని బిస్కట్ దగ్గర పెట్టింది. మే నెలలో పదిహేను గుడ్లు. జూలైలో ఒక్కొక్కటీ చీలుతుంటే, నేను రోజూ పొద్దున్నే వెళ్ళి గుమ్మంలో నిలబడేవాణ్ణి, లోపలికి రావద్దంది గనక. ఎర్రవి మూడు, బూడిదవి రెండు, మిగిలినవి మామూలువి. పదిహేనో గుడ్డు చీలింది కానీ లోపలిది ముక్కు బయటపెట్టి, రెండు రోజులు అలాగే ఊరుకుంది. మూడో పొద్దున లొరీతా నన్ను లోపలికి పిలిచింది. తడి నాచు మీద, పాలలో చిటికెడు కుంకుమ పడ్డట్టు, పిల్ల ఒకటి పడుకుని ఉంది.

వెంటనే ఇవ్వలేదు. కుబుసం విడవాలి, మూడుసార్లు ఎలుకపిల్లను తినాలి, అది ఆమె ఇంటి నియమం. ఆగస్టు చివర ఆంబ్రోస్ ఇంటి వరండాలో, ఆయన గోధుమరంగు ప్యాంటు మీద దాన్ని వదిలింది. అది మోకాలు దాటి తొడమీదికి పాకింది. ఆంబ్రోస్ తల, దాని వెంటే, మెల్లగా తిరిగింది. పాము ఆయన చూపునుంచి ఎక్కడా తప్పిపోలేదు.

తర్వాత ఆయన తలెత్తాడు. "ఇదేంటి లొరీతా, తెల్లది ఇస్తానన్నావు, ఇది గులాబీరంగులో ఉందేం?"

"నువ్వు మాత్రం ఈ తెల్ల మీసాలతోనే పుట్టావా, ఆంబ్రోస్?"