రాళ్ల మావయ్య కొత్త పళ్లు

భూమి లోతుల్లోంచి తవ్వి తీసిన రాతి కడ్డీలను మా పరిశోధన కేంద్రం షెడ్డులో పెట్టెలకెత్తి భద్రపరిచే ఉద్యోగిని అందరూ రాళ్ల మావయ్య అంటారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన పద్ధతి ఒక్కటే. రాతి పలుకు ఒకటి విరిచి ముందుపళ్ల మధ్య నలుపుతాడు. వెన్నలా నలిగితే బంకరాయి, కరకరలాడితే ఇసుక కలిసినట్టు. యంత్రాలు రెండు రోజులకు చెప్పేది ఆయన ఉమ్మేసేలోగా చెప్పేస్తాడు.

పోయిన నెల ఆయనకు పళ్ల సెట్టు కట్టారు.

సరిగ్గా అప్పుడే నా నివేదిక వెళ్లాలి. ఎండ కాసినప్పుడు మిగిలే కరెంటుతో హైడ్రోజన్ చేసి, భూమి అడుగున ఇసుకరాతి పొరలో దాచాలన్నది పథకం. దాని మీదున్న బంకరాతి పొరే మూత. ఆ మూత కారదని నేను సంతకం పెట్టాలి. మా పాప పాలసీసా మూత బిగిసిందో లేదో నాలుగుసార్లు చూసుకునే మనిషిని! అయినా ఆ పొరలోంచి పరీక్షకు పంపిన మూడు ముక్కలూ భేషుగ్గా ఉన్నాయన్నారు.

"నాలుగో పెట్టె చూశావా అమ్మాయ్? కరకరమంటోంది," అన్నాడు మావయ్య.

ఆయనకు భోజనం డబ్బా తెచ్చిన ఆయన భార్య, మా అత్తయ్య, పకపకా నవ్వింది. "ఆయన మాటలకేం గానీ, ఆ పళ్లు పెట్టించుకున్న దగ్గర్నుంచి రోజూ అన్నంలో రాళ్లంటున్నారు. నిన్న పెరుగులో కూడా రాయేనట!"

"పెరుగన్నంలో అన్నానే!"

మావయ్య ముఖం చిన్నబోయింది. ముప్ఫై ఏళ్ల పేరు మరి! సెట్టు తీసి జేబులో వేసుకుని చిగుళ్లతో ప్రయత్నించాడు. లాభం లేకపోయింది. అదే పెట్టెలోంచి మరో పలుకు విరిచి నా చేతిలో పెట్టాడు.

"నీవి సొంత పళ్లేగా. నువ్వే కొరుకు."

"కడిగారా?"

"పది కోట్ల ఏళ్లు భూమిలో ఉంది తల్లీ. ఎవరూ ఎంగిలి చెయ్యలేదులే."

కళ్లు మూసుకుని కొరికాను. కర్‌ర్‌మంది.

నివేదిక ఆపి ఆ ముక్కను పరీక్షకు పంపాను. మూతను పైనుంచి కిందికి చీలుస్తూ సన్నటి ఇసుక చార ఉందట, వాయువు దాని గుండా దర్జాగా బయటికి పోతోందట. ఆ చోటు మానేసి, ఇప్పుడు మరో చోట తవ్విన బావి రాళ్లు చూస్తున్నాం.

ఫలితం వినగానే మావయ్య ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమే, అన్నంలో రాళ్లున్నట్టే! ఇకనైనా బియ్యం సరిగ్గా ఏరు."

"యంత్రం కంటే మీరే నయమటగా. మీరే ఏరండి!"

పని లేని వేళల్లో ఇప్పుడాయన షెడ్డులోనే పళ్లెంలో బియ్యం పోసుకుని కూర్చుంటాడు. దొరికిన ప్రతి రాయినీ తేదీ వేసి చిన్న పెట్టెలో భద్రపరుస్తున్నాడు.